పాలరాతిలో నిలిచిన సముద్ర యుద్ధం

ఆగస్టు నెల అనగానే మనకి జెండా పండుగ, శ్రావణ శుక్రవారాలు గుర్తొస్తాయి. కానీ ఈ నెల పేరు వెనకాల ఒక సముద్ర యుద్ధం, ఒక రాణిగారి కథ ఉన్నాయని మీకు తెలుసా?

క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న గ్రీసు దేశపు పడమటి తీరాన ఆక్టియం దగ్గర రెండు నౌకాదళాలు తలపడ్డాయి. ఒకవైపు రోమ్ నాయకుడు ఆక్టేవియన్. రెండోవైపు అతని అక్క ఆక్టేవియాని పెళ్ళాడి వదిలేసిన ఆంటోనీ, ఈజిప్టు రాణి క్లియోపాత్రా. సేనాని అగ్రిప్పా నేర్పుతో ఆక్టేవియన్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆగస్టు 1న అలెగ్జాండ్రియా నగరం అతని వశమైంది. ఆంటోనీ, క్లియోపాత్రా ప్రాణాలు తీసుకున్నారు. క్రీ.పూ. 27లో ఆక్టేవియన్‌కి అగస్టస్ అనే బిరుదు వచ్చింది. క్రీ.పూ. 8లో ఈ గెలుపు నెలకి ఆ పేరే పెట్టారు.

మొసలి గుర్తు ఓడ

గెలిచినవాళ్ళు ఊరుకుంటారా? మన గుమ్మం పైపట్టె మీద వడ్రంగి గజలక్ష్మిని చెక్కినట్టు, పాలరాతి పలకల మీద ఓడల్ని ఉబ్బెత్తుగా చెక్కించారు. అలాంటి ముక్క ఒకటి వాటికన్ మ్యూజియంలో ఉంది. రోమ్‌కి దగ్గర్లోని పాలెస్త్రీనాలో దొరికింది. రెండు వరుసల తెడ్లు, పైన డాళ్ళు పట్టుకున్న సైనికులు. ఓడ చిన్నది, మనుషులు పెద్దవాళ్ళు! ముందు భాగాన ఒక మొసలి ఉంటుంది. మొసలి అంటే నైలు నది, అంటే ఈజిప్టు. అందుకే ఇది ఆక్టియం యుద్ధాన్ని తలచుకుని చెక్కిందని చాలామంది పండితులు అంటారు. ఈ రాయి ఇప్పుడు తెల్లగా ఉంది గానీ, ఆ కాలంలో రోమన్లు శిల్పాలకి రంగులు వేసేవారు.

ఆక్టియం దగ్గరే ఆక్టేవియన్ నికోపోలిస్ అనే ఊరు కట్టించాడు. ఆ పేరుకి విజయపురి అని అర్థం. తను విడిది చేసిన చోట శత్రువుల ఓడల ముందుండే కంచు ముట్టెల్ని ఊడదీయించి గోడకి బిగించాడు. కంచు పోయింది, రాతిలో గుంటలు మిగిలాయి. అక్కడి పాలరాతి శిల్పాల్లో విజయయాత్ర ఉంది. రథం మీద అతనితో ఇద్దరు పిల్లలు. వాళ్ళు క్లియోపాత్రా కవలలని తవ్వినవారి అభిప్రాయం. కాదు, అతని కుటుంబంలోని పిల్లలేనని మరికొందరంటారు.

సవతి బిడ్డల తల్లి

క్రీ.పూ. 29లో రోమ్‌లో జరిగిన ఊరేగింపులో చనిపోయిన క్లియోపాత్రా బొమ్మని మోసుకెళ్ళారు. ఆమె పిల్లల్నీ జనం ముందు నడిపించారు. ఆ తరవాత వాళ్ళని చేరదీసిందెవరనుకున్నారు? భర్త వదిలేసిన ఆక్టేవియాయే! సవతి బిడ్డల్ని తన పిల్లలతో పాటే పెంచింది. వాళ్ళలో అమ్మాయి క్లియోపాత్రా సెలీనీ పెద్దయ్యాక జూబా రాజుని పెళ్ళాడి, ఉత్తర ఆఫ్రికాలోని మౌరిటానియాకి రాణి అయింది.

ఓడల శిల్పాలు గెలిచినవాడి గొప్పే చెబుతాయి. యుద్ధం మిగిల్చిన పిల్లలకి అన్నం పెట్టిన చెయ్యి వాటిలో కనబడదు. ఈసారి ఎక్కడైనా ఆ మొసలి ఓడ ఫోటో చూస్తే, ఆ ఇల్లాలిని కూడా ఒక్కసారి తలచుకోండి.