ఇంటి తుపాకి పెట్టెకు ఏ తాళం మేలు?

పెద్దపంజాణి, పలమనేరు, పుంగనూరు ప్రాంతములలో మామిడి, టమాట, వేరుశనగ, మల్బరీ పండించు రైతులకు అడవిపందుల బెడద కొత్త కాదు. కౌండిన్య అభయారణ్యపు అంచున ఉన్న గ్రామములకు ఏనుగుల భయము కూడ కలదు. ఇట్టి చోట్ల పంట రక్షణకో, ఆత్మరక్షణకో లైసెన్సు పొంది, తుపాకిని ఇంటిలో ఉంచుకొన్న రైతులు కొందరు కలరు. తుపాకి కొనునప్పుడు పదిమందిని విచారించు రైతు, దానిని ఉంచు పెట్టెకు వేయవలసిన తాళమును గూర్చి అంతగా ఆలోచింపడు. నేడు అంగళ్లలో చెవితో తిరుగు తాళములతోపాటు, అంకెలు నొక్కినచో తెరుచుకొను ఎలక్ట్రానిక్ తాళములును అమ్ముచున్నారు. వీనిలో ఏది ఎవరికి తగునో ఈ వ్యాసములో వివరింపబడినది.

ముందుగా చట్టము మాట

ఈ సలహాలు లైసెన్సు గల ఆయుధములకు మాత్రమే. లైసెన్సు లేని నాటుతుపాకిని ఏ పెట్టెలో దాచినను అది నేరమే. 1959 ఆయుధ చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము సాధారణముగా ఒక వ్యక్తి రెండు ఆయుధములకు మించి ఉంచుకొనరాదు. కనుక రెండు తుపాకులు పట్టు పెట్టె సాధారణముగా ఒక లైసెన్సుదారునికి చాలును.

తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున జంతువును కాల్చుటకు అనుమతి ఉన్నట్లు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అధికారము గల అటవీ అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తర్వు లేనిదే అడవిపందిని కూడ చంపరాదు. ఏనుగు విషయములో నిబంధన మరింత కఠినము. ఈ సంగతి తాళము ఎంపికకు కూడ సంబంధించినదే. “రాత్రి పంది వచ్చినచో క్షణములో తుపాకి చేతికి రావలెను గదా, తాళమెందుకు?” అని కొందరు వాదింతురు. డప్పు, దీపము, టపాకాయ, కంచె చేయు పనికి తుపాకితో తొందర లేదు. కావున పెట్టె ఎంత త్వరగా తెరుచుకొనునన్నది రెండవ ప్రశ్న. తగని చేతికి తెరుచుకొనకుండ ఉండుటయే మొదటి ప్రశ్న.

ఎవరి నుండి కాపాడవలెను?

దొంగ ఒక్కడే మన మనసులో మెదలును. కాని ఇంటిలో ముగ్గురిని తలచుకొనవలెను. మొదటివాడు దొంగ. రెండవవాడు ఆటవస్తువు అనుకొని ట్రిగ్గరు నొక్కు పిల్లవాడు. మూడవవాడు అప్పు బాధలోనో, గట్టు తగాదాలోనో, త్రాగిన మత్తులోనో మనసు అదుపు తప్పిన పెద్దవాడు; అతడు మన అన్నదమ్ముడే కావచ్చును, మనమే కావచ్చును. ఆవేశము చాలమందిలో కొంతసేపటికి చల్లారును. ఆ కొంతసేపు ఆయుధము చేతికి అందకున్నచో ఒక ప్రాణము నిలువగలదు. తాళము విలువ ఇందులోనే ఎక్కువగా ఉన్నది.

యాంత్రిక తాళములు

మన ప్రాంతములో బీగమని పిలుచు తాళములు ఈ తరగతివి. ఇందులో రెండు రకములు కలవు.

చెవి తాళము: దీని లోపల లివర్లు అను సన్నని రేకులు వరుసగా ఉండును. సరియైన చెవి పెట్టి త్రిప్పినప్పుడు, దాని పండ్లు ప్రతి రేకును తగినంత ఎత్తునకు లేపును. రేకులన్నియు ఒకే వరుసకు వచ్చిననే గడియ వెనుకకు జరుగును. లివర్లు ఎక్కువైనకొలది మారుచెవితో తెరచుట కష్టమగును. బ్యాటరీ అవసరము లేదు, సున్నితమైన భాగములు తక్కువ. దీని లోపమంతయు చెవిలోనే ఉన్నది. చెవిని దేవుని గూటిలోనో, బియ్యపు కుండలోనో, ద్వారబంధము మీదనో దాచినచో ఆ చోటు ఇంటిల్లిపాదికి తెలిసియే ఉండును. పిల్లలకు మరీ బాగుగా తెలియును.

చక్రపు తాళము: దీనికి చెవి ఉండదు. ముందున్న చక్రమును ఎడమకు, కుడికి నిర్ణీత అంకెలవరకు త్రిప్పవలెను. లోపల ఉన్న మూడు బిళ్లల గాళ్లు ఒకే వరుసకు రాగానే గడియ వదులును. చక్రము మీద 100 గుర్తులుండును కనుక లెక్క ప్రకారము 10 లక్షల కూర్పులు కలవు. అయితే అంకెకు ప్రక్కనున్న గుర్తునకు కూడ తాళము ఒప్పుకొనుట కలదు. అందుచే నిజమైన సంఖ్య చాల తక్కువ. సరిగా వాడినచో ఇది ఏండ్ల తరబడి మన్నును. తెరచుటకు వెలుతురు, ఓపిక కావలెను. మన అంగళ్లలో అరుదు.

ఎలక్ట్రానిక్ తాళములు

ఇందులో మీటల పలక, బ్యాటరీ, చిన్న విద్యుత్ పరికరము ఉండును. సరియైన అంకెలు నొక్కగానే ఆ పరికరము గడియకు అడ్డమును తొలగించును. ఇంటి కరెంటుతో దీనికి పని లేదు; కరెంటు పోయినను పనిచేయును. నాలుగంకెల సంఖ్యకు 10,000 కూర్పులు, ఆరంకెల సంఖ్యకు 10 లక్షల కూర్పులు. మంచి తాళములు కొన్నిసార్లు తప్పు నొక్కినచో కొన్ని నిమిషములు ఏ సంఖ్యకును పలుకవు. రహస్యము బయటపడినట్లు అనుమానము కలిగిననాడే సంఖ్యను మార్చుకొనవచ్చును. చెవి పోయినచో ఇంత సులభముగా తీరదు.

లోపములును ఉన్నవి. బ్యాటరీ నీరసించును; కారినచో లోపలి తీగెలను తినివేయును. మోటారు స్టార్టరు పెట్టెలో చీమలు, బల్లులు చేరి చేయు నష్టము రైతులకు తెలిసినదే. ఈ పలకకును తేమ, దుమ్ము, చీమలు శత్రువులే. చౌక రకములలో అడ్డు తీయు సూది బలహీనముగా ఉండుటచే, పెట్టెను గట్టిగా తట్టినను, బలమైన అయస్కాంతమును దగ్గరకు తెచ్చినను అడ్డు తొలగుట కలదు. అంతేగాక అట్టి పెట్టెలకు అత్యవసరమునకని ఒక చిన్న చెవి కూడ ఇత్తురు. ఆ చెవి తాళమెంత బలమైనదో పెట్టె అంతే బలమైనది. పైనున్న అంకెలను చూచి మోసపోరాదు.

వేలిముద్రతో తెరుచుకొను తాళములును వచ్చినవి. చౌకధరల దుకాణములో వేలిముద్ర పడక వృద్ధులు పడు ఇబ్బంది మనము చూచినదే. మట్టిలో పనిచేసి పగిలిన వ్రేళ్లకు, టమాట కోసి మరకపడిన వ్రేళ్లకు, తడి వ్రేళ్లకు ఈ తాళము మొరాయించును. వేలిముద్ర ఒక్కటే ఆధారముగా గల పెట్టెను రైతు కొనకుండుట మంచిది.

తెరువలేని తాళము లేదు

1851లో లండనులో జరిగిన మహాప్రదర్శన సమయమున హాబ్స్ అను అమెరికా దేశపు తాళముల నిపుణుడు, ఎవరును తెరువలేరని పేరుపొందిన బ్రామా తాళమును తెరచి చూపెను. అందుకు 16 దినములలో 51 గంటలు పట్టెను. అదే యేడు ఛబ్ తాళమును అరగంటలోపే తెరచెను. తాళము దొంగను శాశ్వతముగా ఆపదు, ఆలస్యము కలిగించును. ఆ ఆలస్యమునే మనము కొనుచున్నాము.

పెట్టె బలహీనమైనచో ఆ ఆలస్యమును దక్కదు. పలుచని రేకు పెట్టెకు ఎంత మేలైన తాళము వేసినను గడ్డపారకు లొంగును. నేలకు గాని గోడకు గాని బోల్టులతో బిగింపని పెట్టెను తాళముతో సహా మోసికొనిపోవుదురు. మట్టిగోడకు బోల్టు నిలువదు. అట్టి ఇంటిలో సిమెంటు దిమ్మె కట్టి దానికి బిగింపవలెను.

మీ ఇంటికి ఏది తగును?

ఈ క్రింది ప్రశ్నలు వేసికొని నిర్ణయించుకొనుడు.

1. చెవిని మొలత్రాటికి కట్టుకొని, నిద్రలో కూడ విడువక ఉంచుకొనగలరా? అట్లయినచో ఎక్కువ లివర్ల చెవి తాళము మీకు చాలును. మరమ్మతు తక్కువ, మన్నిక ఎక్కువ.

2. చెవిని ఎక్కడో పెట్టి మరచు అలవాటు ఉన్నదా? ఇంటిలో ఎదిగే పిల్లలున్నారా? అట్లయినచో ఆరంకెల ఎలక్ట్రానిక్ తాళము మేలు. సంఖ్యను కాగితముపై వ్రాసి అలమార తలుపున అంటించినచో ఈ మేలు పోవును.

3. మరమ్మతు చేయువారు దగ్గరలో ఉన్నారా? పలమనేరు, పుంగనూరు, మదనపల్లెలలో ఎవరును దానిని చూడలేనిచో, ఎలక్ట్రానిక్ తాళము చెడిననాడు పెట్టెను కోయించవలసి వచ్చును. కొనుటకు ముందే ఈ సంగతి అమ్మువానిని అడుగుడు.

4. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నదా? చౌక ఎలక్ట్రానిక్ పెట్టెకంటె అదే ధరకు వచ్చు దళసరి ఇనుప పెట్టె, చెవి తాళము మేలు.

వాడుకలో జాగ్రత్తలు

తుపాకిని ఖాళీ చేసిన పిమ్మటనే పెట్టెలో ఉంచవలెను. తూటాలను వేరొక తాళము క్రింద ఉంచవలెను; రెండింటికి ఒకే సంఖ్య, ఒకే చోట చెవి తగదు.

పుట్టినతేదీ, ఫోను సంఖ్య, 123456 వంటివి పెట్టరాదు. సంఖ్య మార్చినపుడు తలుపు తెరచియుంచియే మూడు నాలుగుసార్లు గడియను ఆడించి చూచి, ఆ తరువాతనే మూయవలెను. మీటల పలకను అప్పుడప్పుడు తుడువవలెను. నాలుగు మీటలే అరిగి మెరయుచున్నచో చూచువానికి అంకెలు తెలిసిపోవును. ఏటా ఒక దినము నిర్ణయించుకొని, ఉదాహరణకు ఉగాదికి, మంచి ఆల్కలైన్ బ్యాటరీలు మార్చవలెను. బ్యాటరీ మార్చు చోటు పెట్టె వెలుపల ఉన్న రకమునే కొనవలెను.

చెవి తాళమునకు కొబ్బరినూనె, ఆముదము పోయుట మన అలవాటు. అది దుమ్మును పట్టి లివర్లను బిగియించును. పొడి గ్రాఫైటు పొడి కొద్దిగా చల్లిన చాలును. ఈశాన్య ఋతుపవనముల కాలములో పెట్టెలో సిలికా జెల్ పొట్లములుంచినచో తుపాకికి తుప్పు పట్టదు.

పురుగుమందులను తుపాకి పెట్టెలో ఉంచరాదు. వాటి ఆవిరి ఇనుమును చెరచును. కాని వాటికిని వేరే తాళము తప్పక వేయవలెను. తుపాకి ఉన్న ఇండ్లు కొన్నియే. మందు డబ్బా లేని రైతు ఇల్లు అరుదు. పిల్లవాని విషయములోను, ఆవేశము విషయములోను పైన చెప్పినదంతయు ఆ డబ్బాకు కూడ వర్తించును.

లైసెన్సుదారుడు తప్ప ఇతరులు పెట్టె తెరువరాదు. అతడు మరణించినచో వారసులు ఆయుధమును ఇంటిలో ఉంచుకొనక, ఆలస్యము లేకుండ పోలీసు స్టేషనులో గాని లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగింపవలెను. పెట్టె తెరువవలసి వచ్చినచో ముందుగా పోలీసు స్టేషనుకు తెలియజేసి, వారి సమక్షముననే తెరపించుట మేలు. ఆయుధము పోయినట్లు తెలిసిన వెంటనే దగ్గరి స్టేషనుకు తెలుపుట లైసెన్సుదారుని బాధ్యత.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కాకుండ, ఈ వారమే మీ పెట్టెను ఒకసారి పరీక్షించుడు. గోడకు బిగిసి ఉన్నదా? చెవి ఎవరి వద్ద ఉన్నది? సంఖ్య ఎందరికి తెలియును? ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు దొరికినచో మీ తాళము పాతదైనను మంచిదే. దొరకనిచో కొత్త తాళము కొనుటకు ముందు ఆ లోపమును సవరించుకొనుడు.