సముద్రశాస్త్ర రచన - కడప శిలల సాక్ష్యము

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని వేతనాపేక్ష లేని రచయితలు పెంపొందించుచున్నారు. వీరు సముద్రశాస్త్రమును తెలుగున వ్రాయబూనినపుడు కలుగు చిక్కు ప్రధానముగా పదములకు సంబంధించినది. దానికి కడప జిల్లా తగిన నిదర్శనము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలకు నేడు సముద్రతీరము లేదు. కాని ఆ ప్రాంతపు శిలలలో పెక్కు పూర్వము కడలి యడుగున నేర్పడినవే. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి గ్రంథము వెలువరించెను. వేంపల్లె, పులివెందుల, గండికోట, నార్జి అను ఊళ్ల పేళ్లే శిలాస్తరములకు పేళ్లైనవి. వేంపల్లె స్తరములందు స్ట్రొమాటొలైట్లు గలవు. లోతులేని సముద్రజలములో సూక్ష్మజీవులు పొరపొరగా పెరుగుచు సున్నపు రేణువులను పట్టి నిలుపగా నేర్పడిన రాళ్లివి. 180 కోట్ల యేండ్లకు పైబడినవి.

భూవిజ్ఞానులు ఈ ప్రదేశమును కడప బేసిన్ అందురు. నదుల విషయమున బేసిన్ అనగా పరీవాహక ప్రాంతము, నీరు జాలువారి నదిని జేరు నేల. ఇచ్చటనో, భూమి క్రుంగగా అవక్షేపములు పేరుకొనిన పల్లము. రెంటికిని ఒకే తెలుగుమాట వాడినచో, పాఠకుడు సముద్రమును వెదకవలసినచోట నదిని జూచును.

వికీపీడియాలో ప్రచురితాధారము లేని స్వీయపరిశోధన చెల్లదు. శిలను కన్నులార జూచినవాడును ఆ చూపును ప్రమాణముగా నీయజాలడు. క్రొత్తపదమును గల్పించి తానే నిలుపజాలడు. అందుచే పదనిర్ణయము విశ్వవిద్యాలయముల వంతు. పరిశోధకులు ఇట్టి పదములను అర్థవివేచనతో ప్రకటించినచో, ఆ పుటయే స్వచ్ఛంద రచయితకు ఆధారమగును. లేనిచో పులివెందుల బాలునకు తన యూరి రాతి చరిత్ర పరభాషలోనే మిగులును.