కుర్చీ, కుర్సీ: ఒకే పదం, రెండు ఉచ్చారణలు

తెలుగు నేలపై పిల్లలు తొలినాళ్లలోనే నేర్చే వస్తువుల పేర్లలో ‘కుర్చీ’ ఒకటి. ముస్లిం కుటుంబాల్లో ఆ పిల్లలే కొంత పెద్దవారయ్యాక ‘ఆయతుల్ కుర్సీ’ కంఠస్థం చేస్తారు. అప్పుడు వారికి రెండు సందేహాలు కలగడం సహజం. ఈ రెండూ ఒకే మాటా? అలాగైతే అల్లాహ్ కూడా మనలాగే కుర్చీలో కూర్చుంటాడా? ఈ ప్రశ్నలను కసురుకోకుండా, సరైన సమాధానం చెప్పడం తల్లిదండ్రుల బాధ్యత.

మొదటి ప్రశ్నకు జవాబు: అవును, మూలం ఒక్కటే. ‘కూర్చొను’ అనే క్రియతో పోలిక ఉన్నందువల్ల ‘కుర్చీ’ని అచ్చ తెలుగు పదంగా భావించేవారు ఉన్నారు. నిజానికి ఇది అరబీ పదం ‘కుర్‌సియ్య్’. ఫార్సీ, ఉర్దూల్లో ‘కుర్సీ’గా స్థిరపడి, తెలుగులో ‘కుర్చీ’ అయింది. కన్నడిగులు ‘కుర్చి’ అంటారు, మరాఠీలు ‘ఖుర్చీ’ అంటారు. కాబట్టి ‘స’ స్థానంలో ‘చ’ రావడం ఒక్క తెలుగు ప్రత్యేకత కాదు. తూర్పున ఇండోనేషియాలోనూ కుర్చీని ‘కుర్సి’ అనే పిలుస్తారు. హీబ్రూలోని ‘కిస్సే’, ప్రాచీన ఇరాక్‌లోని అక్కదీ భాషలోని ‘కుస్సూ’ దీని బంధువులే. వాటి అర్థం పీఠం, సింహాసనం.

దివ్య ఖుర్ఆన్‌లో ‘కుర్సీ’ పదం రెండు చోట్ల వచ్చింది. సూరా సాద్ 34వ ఆయతులో అది హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సింహాసనం. సూరా బఖరా 255వ ఆయతులో అది ఆకాశాలను, భూమిని ఆవరించి ఉన్న అల్లాహ్ కుర్సీ. దీనిని ‘జ్ఞానం’ అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించినట్లు ఒక ఉల్లేఖనం ఉంది. పాదపీఠమనీ, అధికారమనీ వివరించిన వ్యాఖ్యాతలూ ఉన్నారు. అయితే అల్లాహ్‌ను పోలినది ఏదీ లేదని సూరా షూరా 11వ ఆయతు స్పష్టం చేస్తోంది. అందువల్ల మన గదిలోని నాలుగు కాళ్ల కుర్చీని ఊహించుకొని ఆ ఆయతును అర్థం చేసుకోరాదు. రెండో ప్రశ్న అడిగిన పిల్లలకు చెప్పవలసింది ఇదే: మాట ఒకటైనా, భావం ఒకటి కాదు.

ఇక ఉచ్చారణ. తెలుగులో ‘కుర్చీ’ అనడం తప్పు కాదు. అది తెలుగు భాష తనదిగా చేసుకున్న రూపం. కాని పారాయణంలో ఆ ‘చ’కారం చొరబడకూడదు. అక్కడి అక్షరం ‘సీన్’. నాలుక కొనను కింది పళ్ల దగ్గరకు చేర్చి తేలికగా పలకాలి. బరువుగా పలికితే అది ‘సాద్’ అవుతుంది. తెలుగు లిపిలో ఈ రెంటికీ ‘స’ ఒక్కటే ఉండటం వల్ల, తెలుగు అక్షరాల్లో చదివి నేర్చుకునేవారికి ఆ తేడా కంటికి కనిపించదు. ఆయతులోని ‘కుర్‌సియ్యుహు’లో ‘య’ను ఒత్తి పలకాలన్నదీ మరవరాదు.

నిద్రకు ముందు ఆయతుల్ కుర్సీ పఠించేవారికి ఉదయం వరకు అల్లాహ్ రక్షణ ఉంటుందని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. రోజూ నాలుకపై ఆడే ఈ ఆయతును ఒక్కసారైనా తజ్వీద్ తెలిసిన ఉస్తాదుకు వినిపించి సరిదిద్దుకోవడం మేలు. పిల్లలతోపాటు పెద్దలూ వినిపిస్తే ఇంకా మంచిది.