తలా ఓ చెయ్యి వేస్తే కొత్త కళ!

కొత్త కళ నేర్చుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఒంటరిగా మొదలుపెడితే నెల తిరగకుండానే అటకెక్కుతుంది. నలుగురు స్నేహితులు పని పంచుకుని మొదలుపెడితే నిలుస్తుంది. ఆ పంపకం ఎలా ఉండాలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

భాద్రపదం ముగుస్తుంటే కామారెడ్డి చుట్టుపక్కల గుట్టల వెంట తంగేడు పసుపచ్చగా విరగబూస్తుంది. చేలగట్ల మీద గునుగు తెల్లగా తలలెత్తుతుంది. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ వాకిళ్లలో పూల పనే. 2014లో రాష్ట్ర పండుగైన బతుకమ్మను అందరూ ఆటగా, పాటగా చూస్తారు. దాన్ని పేర్చే తీరును కూడా ఒకసారి దగ్గరగా చూడాలి.

తాంబాళంలో గుమ్మడి ఆకులు పరుస్తారు. గునుగు కాడలను ఒకే పొడవుకు కోసి, చిన్న చిన్న కట్టలు కట్టి, పూలను రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలను వరుస మీద వరుసగా గుండ్రంగా పేరుస్తారు. ఒక్కో వరుస పూర్తికాగానే నడుమ ఖాళీలో ఆకులూ, కాడల ముక్కలూ కూరి గట్టిగా అదుముతారు. అదమకపోతే పై వరుసలు లోపలికి కుంగి, బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఈ పనిలో చిన్నపిల్ల పూలు అందిస్తుంది. కాస్త ఎదిగాక కాడలు కోస్తుంది. ఆ తర్వాత ఆకు కూరుతుంది. చెయ్యి తిరిగాక వరుస పేరుస్తుంది. ఎవరూ పాఠం చెప్పరు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. కొత్త కళ మొదలుపెట్టే స్నేహితులకు ఇంతకు మించిన పద్ధతి లేదని నా నమ్మకం. అందరూ ఒకే పని ఒకేసారి మొదలుపెడితే వెనకబడ్డవాళ్లు చిన్నబుచ్చుకుని మానేస్తారు. పనిని మెట్లుగా విడదీస్తే ప్రతి చేతికీ తగినది దొరుకుతుంది. మన కామారెడ్డి జిల్లాలోనూ పక్క జిల్లాలోనూ ఇలా నేర్చుకోదగ్గ కళలు మూడు కనిపిస్తున్నాయి.

తండాలో అద్దాల కుట్టు

ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి వైపు లంబాడా తండాలు చాలా ఉన్నాయి. పెద్ద వయసు ఆడవాళ్ల పేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రి (ముసుగు) మీద అద్దాలు, గవ్వలు, రంగు దారాల పని ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ తరం పిల్లలు చీరలకూ చుడీదార్లకూ మారారు. కుట్టు మాత్రం అమ్మమ్మల చేతుల్లోనే ఉండిపోయింది.

అద్దానికి చిల్లు ఉండదు, దారంతోనే దాన్ని బంధించాలి. అద్దాన్ని గుడ్డ మీద బొటనవేలితో అదిమి పట్టి, అడ్డంగా రెండు, నిలువుగా రెండు దారాలు వేస్తారు. కొత్తవాళ్లకు ఆ దారాలను అంచు దగ్గర వేయాలనిపిస్తుంది. "ఇంకింత లోపటికి వెయ్యి బిడ్డా, కుట్టే బయటికి గుంజుకుంటది" అని పక్కనున్న పెద్దామె చెబితే తప్ప అందులోని కిటుకు తెలియదు. సూదిని ఆ దారాల కిందుగా తీసి, పక్కనే గుడ్డలో గుచ్చి బిగిస్తూ అద్దం చుట్టూ తిరగాలి. ప్రతి కుట్టూ దారాన్ని అంచు వైపు లాగుతుంది. ముందే అంచున వేసి ఉంటే అద్దం జారి ఊడిపోతుంది.

మొదటిసారే కాంచళి జోలికి పోవద్దు. ఒక చేతిసంచి చాలు. ఒకరు ముగ్గు గీయాలి, ఒకరు అంచు కుట్టాలి, ఒకరు గవ్వలు, ఇద్దరు అద్దాలు. కర్ణాటకలోని సండూరు లంబాణీ మహిళలు కలిసి కూర్చుని కుట్టే ఎదిగారు. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలు జరిగినప్పుడు 450 మందికి పైగా మహిళలు కుట్టిన 1,755 వస్తువులను ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు దక్కింది.

కోట ముందు, మెట్ల బావి దగ్గర

దారం, సూది నచ్చనివాళ్లు పెన్సిలు పట్టవచ్చు. బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం అందుకున్న దోమకొండ కోట మన జిల్లాలోనే ఉంది. ఎల్లారెడ్డి దారిలో లింగంపేట నాగన్న బావి ఉంది. నీటి వైపు దిగే ఆ మెట్ల వరుసలు బొమ్మ గీసేవాళ్లకు మంచి పాఠం. ఎండ కదిలిన కొద్దీ మెట్ల నీడలు మారుతుంటాయి కాబట్టి కంటికీ చేతికీ ఒకేసారి సాధన దొరుకుతుంది.

అమెరికాలోని సియాటిల్‌లో పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో 2007లో 'అర్బన్ స్కెచర్స్' మొదలుపెట్టారు. ఫొటో చూసి గీయకుండా, ఉన్నచోటనే కూర్చుని కళ్లెదుట కనిపించింది గీయాలన్నది వాళ్ల నియమం. కలిసి వెళ్లడం, గీసినవి ఒకరికొకరు చూపుకోవడం వాళ్ల అలవాటు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో అలాంటి బృందాలున్నాయి. మనవాళ్లూ కోటను పంచుకోవచ్చు. ఒకరికి గుమ్మం, ఒకరికి స్తంభం, ఒకరికి గోడ మీది నగిషీ. చివర కాగితాలన్నీ పక్కపక్కన పరిస్తే కోట మొత్తం కనిపిస్తుంది. తన వంతు గీత వంకరపోయిందని ఎవరూ కాగితం దాచుకోరు.

పక్క జిల్లా పటం

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారుల పని మొదటినుంచీ కథలు చెప్పేవాళ్ల కోసమే సాగింది. పద్మశాలీల ఇళ్లలో మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారి లాంటివాళ్లు గజాల పొడవున్న పటాలు వేయించుకునేవారు. పటానికి గుడ్డను సిద్ధం చేయడమే పెద్ద పని. చింతగింజల అంబలి, సుద్దమట్టి, గంజి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టాలి. దాని మీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు తేలతాయి.

స్నేహితుల గుంపుకు పటం కంటే చిన్న ముఖం బొమ్మ మేలు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి ముక్కు, చెంపలు తీర్చాలి. ఆరాక సుద్ద పూత, ఆ పైన రంగులు. చింతగింజలు వేయించి, నానబెట్టి, దంచి ఉడికించే పని వంటింట్లో ఆరితేరిన చేతులకు తేలిక. రంగు వేయడం రాదని వెనకాడే మనిషి కూడా అంబలి కాచడంలో ముందుంటుంది.

టైము లేని చేతులు

ఒక మాట తప్పక చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో ఎంతోమంది ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. నానబెట్టిన తునికాకును కొలతకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టి, మొన మడిచే వేళ్లవి. అంత నేర్పున్న వేళ్లకు కొత్త కుట్టు కష్టమేమీ కాదు. వాళ్లకు లేనిది టైము. పగలు కూర్చుంటే ఆ మేరకు కూలి పోతుంది. అందుకే వాళ్లను కలుపుకోవాలనుకునే గుంపు తన వేళను వాళ్ల పనికి తగ్గట్టు మార్చుకోవాలి. వాళ్లు పని చేసుకుంటూ అరుగు మీద నలుగురు కలిసే చోటికే వెళ్లాలి.

నేర్పేవాళ్లకు డబ్బు ఇవ్వడం అంతకన్నా ముఖ్యం. తండా అవ్వ చేతిలోని కుట్టు ఆమె ఆస్తి. చాయ్ పోసి, ఫొటో దిగి వచ్చేస్తే అది మర్యాద కాదు. పొదుపు సంఘాల్లో నెలనెలా లెక్కలు రాసే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. తలా ఇంత వేసుకుని, సరుకుల ఖర్చు పోను, నేర్పిన రోజుకు కూలికి తగ్గకుండా ఆమెకు ఇవ్వడం వాళ్లకు చిటికెలో పని.

మొదలుపెట్టాలనుకుంటే ఐదారుగురు చాలు. ఒక్క కళనే ఎంచుకోండి, పనిని మెట్లుగా రాసుకోండి, ఎవరికి ఏది వస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టండి. నాలుగైదు సార్లు కలిసి కూర్చున్నాక పనులు మార్చుకోండి. ముగ్గు గీసినామె అద్దం పట్టాలి, గవ్వలు కుట్టినామె ముగ్గు గీయాలి. గుంపులోకి కొత్త మనిషి వస్తే, అందరికంటే ఆఖరున నేర్చుకున్నామెనే ఆమె పక్కన కూర్చోబెట్టండి. ఎక్కడ చెయ్యి తడబడుతుందో ఆమెకే బాగా తెలుసు.