వ్యభిచార నిరోధక చట్టం - స్త్రీ స్వేచ్ఛ

వ్యభిచారం పాపమన్న విషయంలో మన పాఠకులకు సందేహం లేదు. అయితే దాన్ని అరికట్టే పేరిట పడే దెబ్బ ఎవరి వీపున పడుతున్నదన్నది వేరే ప్రశ్న.

1950 మే 9న న్యూయార్కులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడికను అనుసరించి మన పార్లమెంటు 1956లో ఒక చట్టం చేసింది. 1986లో సవరణ జరిగి పేరు మారినా నేటికీ అమలులో ఉన్నది అదే. స్త్రీలను అమ్మేవారిని, వేశ్యాగృహాలు నడిపేవారిని శిక్షించడం దాని లక్ష్యం. వృత్తిని మాత్రం అది దానంతటదే నేరమనలేదు. కాని 20వ సెక్షను చూడండి. ఫలానా స్త్రీ వేశ్య అని సమాచారం అందితే మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి, విచారించి, ప్రజాహితానికి అవసరమని తోస్తే ఆమెను ఆ చోటు విడిచి పొమ్మనవచ్చు. అనుమతి లేనిదే తిరిగి రారాదు. ఇందుకు ఆమెపై ఏ నేరమూ రుజువు కానక్కరలేదు!

కాన్పూరులో కొందరు స్త్రీలకు ఇటువంటి నోటీసులే అందాయి. అలహాబాదు హైకోర్టు ఆ సెక్షను చెల్లదన్నది. 1963లో సుప్రీంకోర్టు చెల్లుతుందన్నది. తీర్పు రాసినవారు మన రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు గారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం హరించరాదని 1967లో గోలక్‌నాథ్ కేసులో చెప్పినదీ వారే. ఆ విశాల దృష్టి కాన్పూరు స్త్రీల దాకా రాలేదేమో!

4వ సెక్షను మరొక చిక్కు. వేశ్య సంపాదనపై బ్రతకడం నేరం. ఆమెతో కలిసి నివసించే వయోజనుడు ఆ సంపాదన తింటున్నట్లే భావిస్తారు. కాదని నిరూపించుకోవలసింది అతడే. ముసలి తల్లి అయినా, ఎదిగిన కొడుకైనా సరే.

సూరా నూర్ 33వ ఆయత్‌లో, ప్రాపంచిక లాభం కోసం బానిస స్త్రీలను వ్యభిచారానికి బలవంతపెట్టరాదన్న ఆజ్ఞ ఉన్నది. బలవంతానికి లోనైన వారి పట్ల అల్లాహ్ క్షమాశీలుడు, కరుణామయుడు అని కూడా ఉన్నది. మదీనాలో అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన బానిస స్త్రీల చేత ఇలా సంపాదింపజేసిన సందర్భాన్ని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. మందలింపు యజమానికి, క్షమ ఆమెకు. అదే సూరా 27వ ఆయత్ ప్రకారం అనుమతి లేనిదే పరుల ఇంట అడుగుపెట్టరాదు. మన చట్టం 15వ సెక్షనులో వారెంటు లేని సోదాకు వీలున్నది.

ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణ గృహాలలో ఉన్న వయోజన స్త్రీల వివరాలు సేకరించి, వారి విడుదలను గడువులోగా పరిశీలించాలని 2022 మే 19న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. 20వ సెక్షను మాత్రం అలాగే ఉన్నది.