ఇంటి ఫొటోలకు ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

నేడు ప్రతి ఇంటిలోనూ ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లనే తీసుకుందాం. ఒకవైపు అంబేద్కర్ విశ్వవిద్యాలయం, మరోవైపు ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ ప్రాంగణం ఉన్న ఈ మండలంలో కెమెరా ఉన్న ఫోను లేని విద్యార్థి అరుదు. బుడగట్లపాలెం తీరాన పడవలు, శ్రీకాకుళంలో 1641 నాటి జామియా మస్జిద్, పండుగ నమాజు తరువాత కొత్త బట్టలలో పిల్లలు... అన్నీ ఫోనులోకి చేరుతున్నాయి. ఏడాది తిరిగేసరికి వాటి సంఖ్య వేలకు చేరుతుంది. కాని దాదాజాన్ చివరి ఫొటో చూపించమని అడిగితే అరగంట వెతికినా దొరకదు.

ఛాయాచిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. ఇంటిలో ఇప్పటికే ఉన్న చిత్రాలను ఎలా చక్కదిద్దుకోవాలి, ఎలా భద్రపరచుకోవాలి, అందుకు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి అన్నదే మా విషయం.

రెండు వేర్వేరు పనులు

వెలుతురు సరిచేయడం, వంకరను దిద్దడం, అనవసర భాగాన్ని కత్తిరించడం ఒక పని. తేదీ, ఊరు, పేరు రాసి, కావలసినప్పుడు దొరికేలా అమర్చడం రెండవ పని. చాలామంది మొదటిదానికే సాఫ్ట్‌వేర్ వెతుకుతారు. కాలం గడిచినకొద్దీ విలువ పెరిగేది రెండవదానికి.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ తన గాజు నెగెటివ్‌లకు సంఖ్యలు వేసి, చిత్రాలకు శీర్షికలు రాయించేవాడు. ఆయన 1905లో మరణించాడు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన నెగెటివ్‌లు 2,857 సేకరించింది. శతాబ్దం దాటినా ఆ చిత్రాలలో ఉన్నది ఏ కోటో, ఏ దర్బారో చెప్పగలుగుతున్నామంటే ఆ రాతల సాయం ఎంతో ఉంది.

పికాసా నేర్పిన పాఠం

గూగుల్ వారి పికాసా ఒకప్పుడు ఇంటింటి కంప్యూటర్‌లోనూ ఉండేది. ఉచితం, తేలిక, ముఖాలను గుర్తుపట్టేది. 2016 మార్చితో దానికి మద్దతు ఆగిపోయింది. ఫొటోలు ఎక్కడికీ పోలేదు. అయితే చేసిన దిద్దుబాట్ల వివరాలు పికాసా తన సొంత ఫైళ్ళలో దాచుకునేది. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారినవారికి ఆ శ్రమ చాలావరకు వృథా అయింది.

కనుక ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందైనా మొదట వేయవలసిన ప్రశ్న ఇది: రేపు ఇది మూతపడితే మనం రాసిన పేర్లు, తేదీలు మనతో వస్తాయా? ఫొటో ఫైలులోనే వివరాలు రాసుకునే పద్ధతులున్నాయి. తేదీ, కెమెరా వివరాలు ఉండే భాగాన్ని ఎగ్జిఫ్ అంటారు. శీర్షికలు, పేర్లు రాసేందుకు ఐపీటీసీ, ఎక్స్ఎంపీ అనే ప్రమాణాలున్నాయి. వీటిలో రాసిన మాటను ఇతర సాఫ్ట్‌వేర్‌లు కూడా చదవగలవు.

ఖర్చు లేని మార్గం

కంప్యూటర్ ఉన్న ఇంటికి మేము మొదట సూచించేది డిజికామ్. ఉచితం, విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. ముఖాలను గుర్తించే పని మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, బయటి సర్వర్‌కు ఏదీ పోదు. పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు. వివరాలను ఫైలులోనే రాసే ఎంపికను సెట్టింగ్‌లలో సరిచూసుకోవాలి.

కెమెరాతో రా ఫైళ్ళు తీసేవారికి డార్క్‌టేబుల్, రా థెరపీ ఉన్నాయి. ఇవి అసలు ఫొటోను మార్చవు. చేసిన మార్పులను విడిగా రాసుకుంటాయి. పాత ఫొటో మీది గీతలు, మరకలు తుడవడానికి 1996 నుంచి ఉన్న గింప్ చాలు. ఫోను మాత్రమే ఉన్నవారికి స్నాప్‌సీడ్ ఉచితం. మస్జిద్‌ను కింది నుంచి తీసినప్పుడు మినారులు వెనక్కి వాలినట్లు కనిపిస్తాయి. దానిలోని పర్‌స్పెక్టివ్ సాధనంతో నిటారుగా నిలబెట్టవచ్చు. సముద్రపు గీత ఒరిగితే దానినీ సరిచేయవచ్చు.

డబ్బు చెల్లించే ముందు

అడోబీ లైట్‌రూమ్ దిద్దుబాటూ, అమరికా రెండూ చేసే సమర్థమైన సాఫ్ట్‌వేర్. కాని 2017 తరువాతి కొత్త రూపాలను ఒకేసారి కొనుక్కునే వీలు లేదు. చందా కడుతూ ఉండాలి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో చందా ఆగితే ఫొటోలు చూడవచ్చు, బయటికి తీసుకోవచ్చు, కొత్తగా దిద్దడం మాత్రం కుదరదు. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి సంపాదించేవారికి ఆ ఖర్చు సమంజసం కావచ్చు. సరదాకు తీసేవారు ముందు ఉచితమైనవి ఆరు నెలలు వాడి చూడడం వివేకం. దొంగ కాపీల జోలికి పోరాదు. అది ఇతరుల శ్రమను హరించడమే గాక కంప్యూటర్‌లోకి వైరస్‌ను ఆహ్వానించడం కూడా.

గూగుల్ ఫొటోస్‌లో వెతకడం ఎంతో తేలిక. అయితే 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వ లేదు. ఉచితంగా దక్కే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకుంటాయి. ఒక ఫొటో 4 ఎంబీ అనుకుంటే మొత్తం స్థలం ఫొటోలకే ఇచ్చినా సుమారు 3,750 మాత్రమే పడతాయి.

ఇంటి గౌరవం ఒక అమానత్

మన ఇళ్ళలో స్త్రీల, పిల్లల చిత్రాలు బయటివారి కంట పడకూడదన్న జాగ్రత్త ఉంటుంది. ఆ జాగ్రత్త అల్మారాలోని ఆల్బమ్‌కు ఎంతో, ఫోనుకూ అంతే. ఉచితమని కనిపించిన ప్రతి యాప్‌కూ గ్యాలరీ మొత్తం చూసే అనుమతి ఇవ్వరాదు. ఫొటో ఎక్కడ తీశారో తెలిపే లొకేషన్ వివరం ఫైలులో ఉండవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, ఆ వివరమూ తొలగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు, కాని లొకేషన్ కూడా వెంట వెళుతుంది. సొంతవారికి, పరాయివారికి ఏది ఎలా పంపాలో దీనినిబట్టి నిర్ణయించుకోవాలి.

మరొక మాట. మసకబారిన పాత ఫొటోను కృత్రిమ మేధతో స్పష్టం చేసే యాప్‌లు ఇప్పుడు విరివిగా వచ్చాయి. అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. నానీజాన్ కళ్ళు, పెదవులు మెరుగుపడినట్లే ఉంటాయి, కాని అవి ఆమెవి కాకపోవచ్చు. అసలు ప్రతిని ఎన్నడూ చెరపరాదు. మార్చిన ప్రతికి వేరే పేరు పెట్టాలి.

తుఫాను సీమలో మూడు ప్రతులు

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ పేర్లు గుర్తు చేయనక్కరలేదు. ఇంటిలోకి నీరు వస్తే ఆల్బమ్, హార్డ్ డిస్క్ రెండూ పోతాయి. అందుకే కంప్యూటర్‌లో ఒక ప్రతి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, మూడవది మరో ఊరిలో ఉండాలి. విశాఖలోనో, గల్ఫ్‌లోనో ఉన్న సోదరుని వద్ద ఒక డిస్క్ ఉంచితే క్లౌడ్ చందా లేకుండానే ఆ పని జరుగుతుంది.

ఈ నెలలోనే ఒక సాయంత్రం పిల్లలను పెద్దల పక్కన కూర్చోబెట్టండి. పాత ఫొటోలలోని ఒక్కొక్కరి పేరూ, ఊరూ అడిగి రాయించండి. సాఫ్ట్‌వేర్ ముఖాన్ని పోల్చగలదు, కాని ఆ ముఖం ఎవరిదో ముందు ఒకరు చెప్పాలి. అది చెప్పగల పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని పూర్తిచేసుకుందాం.