దిగులేలే అని వదిలేయొద్దు
షుగరున్న రైతు మనసూ, గుండే రెండూ చూసుకోవాలి

పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే మిరప చేనుకు వెళ్లాడో రైతు. పది గంటలయ్యేసరికి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, గుండె దడ. గట్టుమీద కూలబడ్డాడు. పక్క చేను రైతు వచ్చి, ‘అప్పుల గురించి ఆలోచించీ ఆలోచించీ ఇలా అయిపోయావు మావా, దిగులు పెట్టుకోకు’ అన్నాడు. ఏ ఊళ్లోనైనా జరిగేదే ఇది. కానీ అది దిగులేనా?

ఆకు పసుపుబారితే నత్రజని లోపమో, నీరు నిలిచి వేరు కుళ్లిందో చూసుకోకుండా యూరియా చల్లం కదా! ఒంటి సంగతీ అంతే. షుగరున్నవారిలో ఈ లక్షణాలకు ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి.

షుగరు పడిపోవడం

గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవారు తిండి మానేసి ఎండలో కష్టం చేస్తే రక్తంలో షుగరు పడిపోతుంది. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగాలి. తేరుకున్నాక అన్నం తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. పొలానికి వెళ్లేటప్పుడు జేబులో కాస్త పంచదార పొట్లం ఉంచుకోవడం మంచిది.

గుండెపోటు

షుగరు లేనివారికన్నా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు. పైగా ఏళ్ల తరబడి షుగరుంటే నరాలు దెబ్బతిని, గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. చెమట, ఆయాసం, వాంతి వచ్చేట్లుండటం, ఎన్నడూ లేని నీరసం మాత్రమే కనిపిస్తాయి. ‘గ్యాసేలే’ అని సోడా తాగి పడుకోవద్దు. వెంటనే 108 పిలిచి ఆసుపత్రికి చేరాలి. ఇ.సి.జి. తీయించాలి.

దిగులు కూడా జబ్బే

పై రెండూ కాదని తేలితే దిగులు, ఆందోళన కావచ్చు. అదీ తీసిపారేయాల్సింది కాదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే కోపం రావడం ఉంటే డాక్టరుతో చెప్పాలి. షుగరున్నవారిలో ఈ కుంగుబాటు మిగతావారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఆందోళన పెరిగితే ఒంట్లో ఊరే కొన్ని రసాయనాల వల్ల షుగరూ, బీపీ రెండూ పెరుగుతాయి. మనసు కుంగినవాడు మాత్రలు మరుస్తాడు, బీడీ, మందు ఎక్కువ చేస్తాడు. ఆ భారమంతా చివరికి గుండెమీదే పడుతుంది. మాత్రతో అప్పు తీరదు, నిజమే. కానీ నిద్రపట్టి, మనసు కుదుటపడితే అప్పు సంగతి ఆలోచించే ఓపిక వస్తుంది. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి మానేయకూడదు. ఇవి ‘పిచ్చి మందులు’ కావు.

ఇంట్లోవాళ్లు గమనించాలి

‘నేను బతికి ఏం లాభం’ అనే మాట వింటే కోప్పడొద్దు, తేలిగ్గా తీసుకోవద్దు. మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు చేతికి అందకుండా తాళం వేయండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మరిచిపోవద్దు

* 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు పరీక్షలు ఉచితం.
* మూడు నెలల సగటు షుగరు తెలిపే పరీక్ష, ఏడాదికోసారి కొలెస్ట్రాల్, మూత్రపిండాల పరీక్ష చేయించుకోవాలి.
* డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపొద్దు. బీడీ, చుట్ట మానాలి.
* ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు షుగరు ఎంతుందో అడగడంతో సరిపెట్టుకోకుండా, ‘నిద్ర పట్టట్లేదండీ, మనసు బాగుండట్లేదు’ అన్న మాట కూడా డాక్టరుకు చెప్పండి.